చెక్ డిజిట్, ప్రామాణ్యవాదం

ఒక జ్ఞానం నిజమని ఆ జ్ఞానమే చెబుతుందా, లేక బయటి నుంచి మరొకటి వచ్చి తేల్చాలా? ప్రామాణ్యవాదం పేరుతో భారతీయ దర్శనాలు శతాబ్దాలపాటు వాదించుకున్న ప్రశ్న ఇది. 14వ శతాబ్దపు ‘సర్వదర్శనసంగ్రహం’లో మాధవాచార్యుడు దీనిపై నాలుగు పక్షాలు చూపాడు. సాంఖ్యులకు ప్రామాణ్యం, అప్రామాణ్యం రెండూ స్వతస్సిద్ధాలే. నైయాయికులకు రెండూ బయటి నుంచి తెలిసేవే. దూరాన కనబడింది నీళ్లేనని దాహం తీరితే గాని రుజువు కాదు. మీమాంసకులకు ప్రామాణ్యం స్వతస్సిద్ధం, అప్రామాణ్యం మాత్రం బయటి బాధకం వల్ల తెలిసేది. బౌద్ధుల పక్షం దీనికి సరిగ్గా తలకిందులు.

ఈ వాదాన్ని పరీక్షించి చూడడానికి నేటి గుర్తింపు సంఖ్యలు బాగా పనికొస్తాయి. వీటిలో చాలావాటికి చివరి అంకె మిగతా అంకెల నుంచి లెక్కకట్టి చేర్చినదే; దాన్నే చెక్ డిజిట్ అంటారు. ఐబీఎంలో పనిచేసిన హాన్స్ పీటర్ లూన్ 1954లో పేటెంటుకు దరఖాస్తు చేసిన పద్ధతి బ్యాంకు కార్డుల్లో నేటికీ నడుస్తోంది. 427కు చెక్ డిజిట్ కావాలంటే కుడి నుంచి మొదలుపెట్టి అంకె విడిచి అంకెను రెట్టింపు చేయాలి. 7 రెట్టింపు 14, ఆ అంకెలు కలిపితే 5; 2 అలాగే ఉంటుంది; 4 రెట్టింపు 8. మొత్తం 15. మొత్తం పదితో నిశ్శేషంగా భాగింపబడాలి; 15ను 20 చేయడానికి 5 కావాలి కనుక పూర్తి సంఖ్య 4275. ఎవరైనా 2475 అని కొడితే మొత్తం 18 అవుతుంది, పొరపాటు బయటపడుతుంది. 09ని 90గా కొడితే మాత్రం ఈ లెక్కకు దొరకదు. 1969లో డచ్ గణితజ్ఞుడు యాకోబస్ వెర్‌హూఫ్ ఇచ్చిన పద్ధతి పక్కపక్క అంకెల తారుమారును ఏదీ వదలదు. 12 అంకెల ఆధార్ సంఖ్యలో చివరిది ఆ పద్ధతిలో వచ్చిందే.

లూన్ పరీక్షను పైథాన్‌లో ఒక్క వరుసలో రాయవచ్చు. అంత పొట్టిగా కుదరడానికి కారణం ఉంది: ఆ కోడ్ ఏ రికార్డునూ తెరవదు, ఎవరినీ విచారించదు, ఇచ్చిన అంకెలనే చూస్తుంది. లెక్క తప్పితే ఆ నియమం ప్రకారం అలాంటి సంఖ్య జారీ అయ్యే వీలే లేదు. లెక్క కుదిరినంత మాత్రాన జారీ అయినట్టు కాదు. తోచినట్టు రాసిన పది సంఖ్యల్లో సగటున ఒకటి గట్టెక్కుతుంది. జారీ అయిన సంఖ్యే అయినా, చూపినవారిది కాకపోవచ్చు.

కాబట్టి ఇక్కడ అప్రామాణ్యం సంఖ్యలోనే తెలుస్తుంది, ప్రామాణ్యానికి రిజిస్టరు తిరగేయాలి. నాలుగు పక్షాల్లో ఇది బౌద్ధులదిగా చెప్పిన పక్షానికి దగ్గర. దీనిపై నైయాయికుడు ఆక్షేపించవచ్చు: లెక్క నియమం కూడా బయటివారు పెట్టిందే కదా, తప్పు స్వతహాగా తెలిసిందని ఎలా అంటారు? ఆక్షేపణ సబబే. అయితే నియమం ఒకసారి ఏర్పడ్డాక సంఖ్య తప్పని తేల్చడానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు. నిజమని తేల్చడానికి ప్రతిసారీ కావాలి. ఆ తేడా చెరిగిపోదు.

అందువల్ల చెక్ డిజిట్ పరీక్ష తప్పులను వడకట్టడానికే చాలుతుంది. అందులో నెగ్గిందని సంఖ్యను నిజమనుకోవడం ప్రమాణం లేని నిశ్చయం.