ఆరు మాటల కూలి



ఒక కార్యము సఫలమైనప్పుడు అందులో నా వంతు ఎంత? ఈ ప్రశ్న చిన్నదిగా కనబడును గాని మన గర్వమంతయు, మన కలహములలో సగమును దీనియొద్దనే పుట్టుచున్నవి. అమెరికా దేశపు పాట యొకటి ఈ విషయమున నాకు బుద్ధి చెప్పెను. ఆ సంగతి మీకు తెలుపగోరుచున్నాను.

1965వ సంవత్సరాంతమున ‘టర్న్! టర్న్! టర్న్!’ అను పాట ఆ దేశమంతట వినబడెను. పాడినవారు ‘బర్డ్స్’ అను రాక్ బృందములోని అయిదుగురు యౌవనస్థులు. రాక్ అనగా కరెంటు గిటారులతోను డ్రమ్ములతోను గట్టిగా వాయించుచు పాడు సంగీతము. అక్కడ బిల్‌బోర్డ్ అను పత్రిక ఏ రికార్డు ఎక్కువగా అమ్ముడుపోయెనో, రేడియోలో ఏది ఎక్కువగా వినబడెనో లెక్కచూచి వారము వారము ఒక పట్టిక ప్రకటించును. 1965 డిసెంబరులో ఈ పాట మూడు వారములు ఆ పట్టికలో మొదటి స్థానమున నిలిచెను. ఆ పాటలోని మాటలు ఏవని యడుగుదురా? మన ప్రసంగి గ్రంథము 3వ అధ్యాయపు ఆరంభ వచనములే! ప్రతి దానికిని తగిన కాలము గలదని బోధించు ఆ వచనములు మీలో అనేకులకు కంఠస్థమై యున్నవి. అదే సంవత్సరము అమెరికా సైనికులు వేలకొలదిగా వియత్నాం యుద్ధమునకు పంపబడుచుండిరి. అట్టి దినములలో దేవాలయపు గడప త్రొక్కని యువకులు సహితము ప్రసంగి మాట వినిరి.

అయితే ఈ పాట ఎవరిది? మొదట ప్రసంగిది. ఆయన హెబ్రీ మాటలను 1611లో అచ్చయిన ఇంగ్లీషు బైబిలు తర్జుమాదారులు తమ భాషలోనికి తెచ్చిరి. పీట్ సీగర్ అను జానపద గాయకుడు 1950ల చివర వాటికి రాగము కట్టెను. వచనముల వరుస కొంత మార్చి, పల్లవిగా ఒక మాటను మూడుమార్లు చేర్చి, సమాధానమునకు ఇంకను వేళ మించిపోలేదను భావముతో చివర ఆరు ఇంగ్లీషు మాటలు కలిపెను. 1963లో జూడీ కాలిన్స్ అను గాయకురాలు దీనిని పాడినప్పుడు వాద్యము కూర్చినవాడు మెగ్విన్ అను యువకుడు. అతడే తరువాత బర్డ్స్ బృందములో పన్నెండు తీగెల గిటారుతో ఈ పాటకు క్రొత్త నడక నిచ్చెను. టెర్రీ మెల్చర్ పర్యవేక్షణలో రికార్డు చేయునప్పుడు, పాట కుదురువరకు డెబ్బదికి పైగా మార్లు వాయించిరని చెప్పుదురు. ఇన్ని చేతులు పడినగాని ఆ పాట తయారు కాలేదు.

పాట అమ్ముడుపోయిన కొలది కర్తకు వచ్చు సొమ్మును రాయల్టీ అందురు. సీగర్ తన వంతును 1999 నుండి ఇట్లు పంచెను. రాగము తనదే గనుక సగము తానుంచుకొనెను. రెండవ సగము మాటలకు చెందినది. మొత్తములో 45 శాతము, ఆ మాటలు పుట్టిన దేశములోనే పాలస్తీనీయుల ఇండ్ల కూల్చివేతను ఎదిరించు ఒక ఇశ్రాయేలు సంఘమునకు ఇచ్చివేసెను. మిగిలిన 5 శాతము తాను చేర్చిన ఆ ఆరు మాటలకును, మూడుమార్లు వచ్చు ఆ ఒక్క మాటకును కూలిగా తీసికొనెను.

ఈ లెక్క చదివినప్పుడు నాకు సిగ్గు కలిగెను. కొన్ని ఏండ్ల క్రిందట కోతకాల పండుగకు నేనొక కీర్తన కట్టితిని. పొరుగు గ్రామ సంఘమువారు దానిని పాడిరి గాని నా పేరు చెప్పలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇప్పుడు నేనును లెక్క వేసికొంటిని. భావము కీర్తనల గ్రంథములోనిది. రాగము నాట్లు వేయు స్త్రీలు పాడుకొనునది. మన సంఘములోని ఒక ముసలమ్మ నోట నేను విన్నది. దరువు మన డప్పు వాయించు తమ్మునిది. నావి నాలుగు అతుకు మాటలు! నా పేరు చెప్పలేదని అలిగిన నేను ఆ తల్లి పేరు ఒక్కనాడైనను చెప్పితినా? మరుసటి ఆదివారము సంఘము ముందర ఆమెను పిలిచి నా తప్పు ఒప్పుకొంటిని. ఆమె నవ్వి, “అయ్యగారూ, ఆ పాట మా అమ్మది” అనెను.

ప్రియులారా, కళ్లములో కుప్ప నూర్చిన దినమున ఆసామి ఒక్కడే ధాన్యమంతయు ఎత్తుకొనిపోడు. కోసినవారికి కూలి, కమ్మరికిని వడ్రంగికిని మేర కొలిచి ఇచ్చుట మన పెద్దల ధర్మము. ఆ ధర్మము ధాన్యమునకే గాక మెప్పునకును వర్తించును. అయితే ‘నేనేమియు చేయలేదు’ అనుటయు సత్యము కాదు. సీగర్ తన రాగమునకు కూలి విడువలేదు. న్యాయమైన కూలి తీసికొనుట పాపము కాదు. ఇతరుల కూలిని మన మూటలో కట్టుకొనుటయే పాపము. సరిగా లెక్క పెట్టువానికి గర్వపడుటకు మిగులునది కొంచెము, కృతజ్ఞత చెప్పుటకు మిగులునది విస్తారము.

ఈ మాసమున మీకు మెప్పు తెచ్చిన పని యొకటి తలంచుకొనుడి. అందులో ఎవరి చేతులున్నవో వ్రేళ్లమీద లెక్కించుడి. వారిలో ఇంకను బ్రదికియున్నవారి ఇంటికి వెళ్లి ఒక మంచి మాట చెప్పిరండి. దేవుడు మనకందరికి నమ్మకమైన లెక్క అప్పగించు మనస్సు దయచేయును గాక. ఆమేన్.