బీజదోషము నేరమగునా?

ఒక గృహమున శిశువు రోగగ్రస్తుడై జన్మించినచో, వైద్యుని పిలుచుటకు ముందే అచట ఒక ప్రశ్న పుట్టును: ఈ దోషము ఎవరి వైపునుండి వచ్చినది? అత్తవారు కోడలి పుట్టింటిని వేలెత్తి చూపుదురు. పుట్టింటివారు అల్లుని తాతముత్తాతల చరిత్రను తవ్వి తీయుదురు. ఇరుపక్షములవారును అలసిన పిదప, పూర్వజన్మకృతమని నిట్టూర్చి ఊరకుందురు. ఈ వివాదము నడుమ శిక్ష ననుభవించునది మాత్రము ఆ తల్లియు, ఆ బిడ్డయు. కావున ఈ ప్రశ్నను మొదట శాస్త్రదృష్టితోను, పిదప ధర్మదృష్టితోను విచారింపవలసియున్నది.

19వ శతాబ్దమున ఐరోపాఖండమునందలి బ్రూన్ నగరమున గ్రెగర్ మెండెల్ అను క్రైస్తవ సన్న్యాసి తన మఠపు తోటలో బఠాణీ మొక్కలను ఏండ్ల తరబడి పెంచి పరిశీలించెను. పసుపు గింజల జాతిని ఆకుపచ్చ గింజల జాతితో కలుపగా తొలితరమున అన్నియు పసుపు గింజలే కలిగెను. ఆకుపచ్చదనము నశించినదని తోచును. కాని రెండవ తరమున ఇంచుమించు నాలుగవ పాలు గింజలు మరల ఆకుపచ్చగా కనబడెను. మరుగుపడిన గుణము నశింపలేదు, దాగియుండెను. 1866లో అచ్చయిన ఈ సిద్ధాంతపు విలువను లోకము 1900లో గాని గుర్తింపలేదు. మెండెల్ 1884లోనే దివంగతుడయ్యెను.

మానవుని జీవకణమున 46 క్రోమోజోములు, అనగా 23 జతలు, కలవు. ప్రతి జతలో ఒకటి తల్లినుండియు, రెండవది తండ్రినుండియు వచ్చినది. దేహమునకు వలసిన మాంసకృత్తులను నిర్మింపజేయు జన్యువులు వీనియందు దాదాపు 20,000 ఉన్నవి. ఒక్కొక్క జన్యువునకు రెండేసి ప్రతులుండగా, తల్లి వానిలో ఏదో ఒకదానిని మాత్రమే బిడ్డకిచ్చును, తండ్రియు అట్లే. ఏది ఇయ్యవలెనో ఎంచుకొను శక్తి ఇరువురికిని లేదు. ఏది స్వీకరింపవలెనో ఎంచుకొను శక్తి బిడ్డకును లేదు.

కొడవలికణ వ్యాధి దీనికి చక్కని తార్కాణము. రక్తమునకు ఎఱుపునిచ్చు హిమోగ్లోబిన్ నిర్మాణమున ఒక్క అక్షరము మారినట్టి స్వల్పభేదము వలన ఈ వ్యాధి కలుగును. ప్రాణవాయువు తగ్గినప్పుడు రక్తకణములు కొడవలివలె వంగి, సన్నని నాళములలో అడ్డుపడి తీవ్రమైన బాధ కలిగించును. ఆదిలాబాదు, విశాఖ మన్యము మొదలగు గిరిజన ప్రాంతములందు ఈ వ్యాధి కలదు. దీనిని 2047 నాటికి నిర్మూలింపవలెనను సంకల్పముతో భారత ప్రభుత్వము 2023లో ఒక జాతీయ కార్యక్రమమును ప్రారంభించినది.

లోపము గల ప్రతి ఒక్కటి మాత్రమే ఉన్నవాడు సాధారణముగ ఆరోగ్యవంతుడుగనే జీవించును. అతనిని వాహకుడందురు. ఇరువురు వాహకులు దంపతులైనచో, ప్రతి గర్భమునందును బిడ్డకు వ్యాధి కలుగుటకు నాలుగింట ఒక వంతు, వాహకత్వము కలుగుటకు సగము, రెండును లేకుండుటకు నాలుగింట ఒక వంతు అవకాశముండును. మొదటి బిడ్డకు వ్యాధి సోకినది గనుక తక్కినవారు క్షేమమని తలపరాదు. ప్రతి గర్భమునకును లెక్క మరల మొదటినుండియే. వ్యాధి కలుగవలెనన్న ఇరువైపులనుండియు లోపము గల ప్రతి రావలసినదే. కావున దోషము ఎవరి వైపునుండి వచ్చినదను ప్రశ్నయే నిలువదు.

ఇంతకంటెను ఆలోచింపదగిన విషయము మరియొకటి కలదు. ఒక్క ప్రతి మాత్రమే గల వాహకులకు తీవ్రమైన మలేరియానుండి కొంత రక్షణ లభించునని 1954లో ఆంథొనీ ఆలిసన్ అను శాస్త్రజ్ఞుడు వెల్లడించెను. జంటగ వచ్చినచో బాధించునది ఒంటిగ వచ్చినచో కాపాడుచున్నది! ఇట్టిదానిని చెడురక్తమని ఎట్లు నిందింపగలము?

ఇక ధర్మవిచారము. ఎంచుకొనుటకు వీలులేనిచోట నేరము లేదు. తనకు తెలియక తాను మోయుచున్న దానికి తల్లిగాని తండ్రిగాని దోషి కాజాలరు. అయినను, తెలిసిన పిమ్మట స్థితి మారును. జ్ఞానము వచ్చినచోట బాధ్యతయు వచ్చును. తాను వాహకుడనని యెరిగియు, సంబంధము తప్పిపోవునను భయమున దానిని దాచి పెండ్లాడినవాడు ఒక అసత్యమును రేపటి శిశువు దేహముపై మోపుచున్నాడు. మేనరికములు, అక్క కూతురిని పెండ్లాడుట ఆచారముగ గల తెలుగునాట ఈ బాధ్యత మరింత పెద్దది. మేనబావ మరదళ్లు జన్యువులలో ఎనిమిదవ పాలు, మేనమామ మేనకోడళ్లు నాలుగవ పాలు సగటున సమానముగ కలిగియుందురు. ఒకే పూర్వికుని లోపము ఇరువురియందును దాగియుండుటకు అచట అవకాశము హెచ్చు.

మరి దాచుట తప్పైనచో, చెప్పినవానిని వెలివేయుట ఒప్పా? 1970 దశకమున గ్రీసు దేశమునందలి ఆర్కొమెనోస్ అను ఊర ఈ పరీక్షలు జరిపినప్పుడు వాహకులు నిందకు గురియైరి. కొందరు తమ ఫలితమును దాచిరి. సత్యము పలికినవానిని సంఘము శిక్షించినచో, అసత్యమును సంఘమే పోషించినట్లగును. పైగా ఆ నిందకు ఆధారమును లేదు. వాహకుడు హిమోగ్లోబిన్ లోపమేదియు లేనివారిని పెండ్లాడినచో వారి బిడ్డలకు ఈ వ్యాధి రాదు. కొందరు వాహకులు మాత్రము కావచ్చును. ఒక కన్యను వాహకురాలని విని లేచిపోవువారు తమ కుమారునికి రక్తపరీక్ష చేయించిరా? చేయింపనిచో వారి భయము అజ్ఞానమే గాని జాగ్రత్త కాదు.

12వ శతాబ్దమున కల్యాణపురమునందు బసవేశ్వరుడును శరణులును జన్మమును బట్టి మానవుని తక్కువ చేయరాదని చాటిరి. జన్యుశాస్త్రము నేడు మరియొక దారిన వచ్చి ఆ నీతికి సాక్ష్యము పలుకుచున్నది. ఏ లోపమును మోయని వంశము లేదు. ఒకరి లోపము తెలియవచ్చినది, ఒకరిది తెలియరాలేదు, అంతియే భేదము.

కావున పెండ్లిచూపులనాడు జాతకములు పరికించు పెద్దలు, రెండు రక్తపరీక్షల కాగితములను గూడ ప్రక్కన పెట్టుకొందురుగాక. ఆ కాగితము చూచునపుడు కన్నులలో భయముగాని ఏవగింపుగాని ఉండరాదు. బీజము మనము కోరి తెచ్చుకొన్నది కాదు. సత్యము పలుకుటయు, పలికినవానిని ఆదరించుటయు మాత్రము మన చేతిలోనివే.