ఒప్పుకుంటే సరిపోతుందా?

2025 సార్వా కోతల కాలంలో ఒక జుమా నమాజు తర్వాత ఉంగుటూరు ప్రాంతపు సోదరుడొకరు నన్ను పక్కకు పిలిచారు. ఆయన చిన్న ధాన్యం వ్యాపారి. కళ్లాల దగ్గరకు వెళ్లి కౌలు రైతుల ధాన్యం కొని మిల్లుకు తోలుతుంటారు.

"హజ్రత్! ఒక రైతు దగ్గర 40 బస్తాలు కొన్నాను. మిషన్‌తో కోసిన ధాన్యం కదా, తేమగా ఉందని బస్తాకు 3 కిలోలు తరుగు తీశాను. ఆయన ఒప్పుకున్నాడు. తీరా మిల్లులో మీటరు పెడితే 16 శాతమే వచ్చింది. నేను బలవంతం చేయలేదు. ఇందులో నా తప్పుందా?"

ప్రభుత్వ కొనుగోలులో తేమ 17 శాతం దాకా అనుమతి ఉంది. అంటే లేని తేమకు 120 కిలోల ధాన్యం పోయింది. ఆ ఏడాది క్వింటాలు మద్దతు ధర 2369 రూపాయల లెక్కన చూసినా అది 2800 రూపాయలకు పైమాటే. కౌలు రైతు ఇంట అది చిన్న సొమ్ము కాదు.

సోదరులారా! వ్యాపారం పరస్పర అంగీకారంతో జరగాలని దివ్యఖుర్ఆన్ ఆదేశించింది. కాని తెలియనివాడి అంగీకారం, వాన మబ్బు చూసి భయపడినవాడి అంగీకారం నిజమైన అంగీకారమేనా? ఆలోచించవలసిన ప్రశ్న ఇదే.

దైవప్రవక్త (స) కాలంలో పల్లెల నుంచి సరుకు తెచ్చేవారికి కొందరు ఊరి బయటే ఎదురెళ్లి, బజారు ధర తెలియకముందే కొనేసేవారు. ఆయన (స) దీన్ని నిషేధించారు. అలా అమ్మిన వ్యక్తి బజారుకు వచ్చాక బేరం రద్దు చేసుకునే హక్కు కూడా ఇచ్చారు. అతను ఒప్పుకునే అమ్మాడు కదా! అయినా ధర తెలియక ఒప్పుకున్నాడు గనుక షరీఅత్ అతని పక్షాన నిలిచింది.

మరొకసారి ఆయన (స) బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టగా అడుగున తడి తగిలింది. మోసగించేవాడు తన వాడు కాడని హెచ్చరించారు. అక్కడ అమ్మేవాడు తడిని దాచాడు. ఇక్కడ కొనేవాడు లేని తడిని చూపాడు. రెండింటిలోనూ అవతలివాడి హక్కే పోయింది.

హజ్రత్ జరీర్ బిన్ అబ్దుల్లాహ్ (రజి) గారి సంఘటన చూడండి. ఆయన కోసం ఒక గుర్రాన్ని 300 దిర్హములకు బేరం చేశారు. గుర్రాన్ని చూసి, దాని విలువ ఇంకా ఎక్కువని ఆయనే యజమానికి చెప్పి, ధర పెంచుకుంటూ పోయి 800 ఇచ్చారని ఉల్లేఖనం. కొనేవాడే ధర పెంచాడు! ప్రతి ముస్లిం మేలు కోరతానని దైవప్రవక్త (స)కు తాను చేసిన ప్రమాణమే అందుకు కారణం. ఇక కొలతల్లో న్యాయం ముస్లింల మధ్యకే పరిమితం కాదు. తూనికల్లో తగ్గించేవారికి వినాశనమన్న హెచ్చరిక అవతలివాడు ఏ మతస్థుడైనా వర్తిస్తుంది.

ఆ తరుగు రైతు సొమ్మే, తిరిగి ఇచ్చేయమని చెప్పాను. ఆయన ఒప్పుకున్నారు. కాని మరో మాట అడిగారు. "నేనొక్కణ్ణే తరుగు మానేస్తే పక్క వ్యాపారి మానడు కదా. నేనెలా నిలబడాలి?"

ఇది సాకు కాదు, నిజమైన కష్టం. ఒంటరి మనిషి నిజాయితీ బజారులో త్వరగా అలసిపోతుంది. అందుకే న్యాయాన్ని పదిమంది ఎదుట నిలపాలి. ఆంధ్రప్రదేశ్‌లో 1999 జనవరి 26న మొదలైన రైతు బజార్లలో ఆ రోజు ధరలు బోర్డు మీద రాస్తారు. చదివే ప్రతివాడూ అక్కడ సాక్షే. హాలెండులో 1988లో కాఫీ పొట్లాల మీద న్యాయ వ్యాపార ముద్ర వేయడం మొదలుపెట్టినవారి ఉద్దేశం కూడా పండించినవాడికి తగిన ధర అందిందని కొనేవాడికి తెలియజేయడమే.

మన ఊళ్లలో జనం కూడే సందర్భాలకు కొదవ లేదు. వారపు సంత ఉంది, గ్రామసభ ఉంది, జుమా ఉంది, పండుగ ఉంది. మస్జిదు లోపల క్రయవిక్రయాలు తగవు. కాని కోతలకు ముందు ఒక సాయంత్రం ఊరి మధ్య అన్ని మతాల రైతులనూ వ్యాపారులనూ పిలవడానికి అడ్డేమిటి? అందరూ కలిసి ఒక తేమ మీటరు, సరిచూసిన ఒక కాటా కొని అందుబాటులో ఉంచవచ్చు. మద్దతు ధర, తరుగు లెక్క బోర్డు మీద రాయవచ్చు. చేపల చెరువుల దగ్గరా ఇదే పద్ధతి పెట్టుకోవచ్చు. అప్పుడు నిజాయితీపరుడు ఒంటరి కాడు. మోసగాడికి చీకటి మిగలదు.

ఆ సోదరుడు ఆ సాయంత్రమే డబ్బు పట్టుకుని రైతు ఇంటికి వెళ్లారు. రైతు మొదట నమ్మలేదట. కొనేవాడు డబ్బు తిరిగి తెచ్చి ఇస్తే ఆశ్చర్యపోవలసి వస్తోందంటే, మన బజారు ఎంత పాడైందో ఆలోచించండి.

మీటరు లేని చోట కూడా అల్లాహ్ చూస్తున్నాడు. ప్రళయ దినాన మన త్రాసు తేలిపోకుండా, ఈ లోకంలోనే మన కాటాను సరిచేసుకునే భాగ్యం ఆయన మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.