వాననీటికి త్రోవ ఏది?

ధ్యానభాగము: లూకా 6:46–49, ద్వితీయోపదేశకాండము 22:8



ఇల్లు కట్టిన ఇద్దరినిగూర్చి ప్రభువు చెప్పిన ఉపమానము మీరెరిగినదే. ఒకడు బండ తగులువరకు ఓపికపట్టెను. రెండవవాడు ఆ శ్రమ వద్దనుకొనెను. ఆ ఇద్దరిని తలంచుకొనుచునే, మన సంఘమునుండి వెళ్లి హైదరాబాదులో స్థిరపడిన ఒక కుటుంబమువారి స్థలములో ప్రార్థన చేయుటకు పోతిని. అది అమీర్‌పేట, పంజాగుట్టల నడుమ ఒక గల్లీలో నున్నది.

పాత పెంకుటింటిని తీసివేసి, శిథిలములను, వదులు మంటిని ఎత్తిపోసియుండిరి. ముగ్గు పోసి పిల్లర్లకు గుంతలు త్రవ్వుచుండిరి. పంజాగుట్ట పేరులోనే గుట్ట యున్నది గదా! ఒక మూల నాలుగడుగులకే రాయి తగిలెను. వేరొక మూల ఎప్పుడో పూడ్చిన మెత్తని మన్ను. ఇంటి ఒక కాలు రాతిమీద, మరియొక కాలు పూడ్చిన మంటిమీద నిలిచినయెడల గోడలు బీటలు వారును. అందుచేత మేస్త్రి ప్రతి గుంతను గట్టినేలవరకు త్రవ్వించెను. మొరమును జానెడు మందమున పరచి, తడిపి, దిమ్మిసతో కొట్టించుచుండెను. నాకు సంతోషము కలిగెను.

అంతలో పొరుగింటి ముసలమ్మ గోడ ఆవలనుండి, “అయ్యగారూ, ఇన్నాళ్లు వాననీళ్లు ఈ జాగలకెళ్లి మోరీల పడుతుండె. ఇగ ఎటు పోవాలె?” అని అడిగెను.

ఎవరును బదులు చెప్పలేదు. ప్రార్థన చేయవచ్చిన నేనును చెప్పలేకపోతిని. ఆ వాలుమీద కురిసిన వాన హుస్సేన్‌సాగరు చేరవలెను. 2000 ఆగస్టులో ఒక్క దినమున ప్రక్కనున్న బేగంపేటలో 24 సెంటీమీటర్ల వాన కురిసెను. 2020 అక్టోబరులోను నగరమున అనేక ఇండ్లు మునిగెను. అడ్డుపడిన నీరు ఎక్కడికో పోదు. పల్లములోనున్న ఇంటికే పోవును.

ఇంటి యజమాని, “రోడ్డు వేసిన ప్రతిసారి ఎత్తగుచున్నది. మేము మెరక చేయనియెడల మా ఇల్లే మునుగును” అనెను. అది నిజమే. తన పిల్లలను కాపాడుకొనుట పాపము కాదు. అయితే క్రొత్త ఇల్లు కట్టువాడు మిద్దెకు పిట్టగోడ కట్టవలెనని మోషే ధర్మశాస్త్రము ఏల చెప్పెను? అక్కడనుండి ఇతరులు పడి చావకుండుటకే. తన ఇల్లు నిలుచుట ఒక్కటే చాలదు. తన ఇంటివలన పొరుగువానికి హాని రాకూడదు.

మన పొలములలో మాత్రము వేరుగా నున్నదా? మీది మడివాడు రాత్రివేళ కాలువ మళ్లించినయెడల క్రింది మడివాని పంట మునుగును. గట్టు తనదే, నీరు మాత్రము ఇద్దరిది.

ఆ యజమాని సాయంకాలమువరకు ఆలోచించి, గోడప్రక్క మూడడుగులు విడిచి, మోరీవరకు వాలుగా కాలువ కట్టింప నొప్పుకొనెను. ఒక గది చిన్నదాయెను. అప్పుడే మేము ప్రార్థన చేసితిమి. ముసలమ్మ కూడ వచ్చి నిలువబడెను.

ఆమె అడుగనియెడల నేను ఉదయమే ప్రార్థించి వచ్చియుందును. ఆ తలంపు నన్ను ఇంకను గద్దించుచున్నది. ప్రియులారా, ఈ యేడు మీలో ఇల్లు కట్టబోవువారు మొదటి గంప మన్ను పోయకముందే పల్లపు ఇంటివారిని పిలిచి మాటలాడుడి.