పాపం ఎవరిది?

"పాపం పండితేనే సముద్రం పొంగుతుందమ్మాయ్!" అన్నారు పక్కింటి పిన్నిగారు. గుడివాడలో మా ఇంట టీవీలో క్రకటోవా అగ్నిపర్వతం గురించి చూపిస్తున్నారు.

మా పెద్దమ్మ చేతిలో వత్తి తెగిపోయింది. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో ఆవిడ మూడేళ్ళ కూతురు చేతిలోంచి జారిపోయింది. ఆ సంగతి పిన్నిగారికి తెలీదు.

నేనే చెప్పాను. తర్వాత అడిగాను, "ఎవరి పాపమండీ?" అని.

1883లో ఇండోనేషియాలో ఆ కొండ పేలి, రాళ్ళూ బూడిదా ఒక్కుమ్మడిగా సముద్రంలో పడి నీటిని నెట్టేశాయి. నిండు గంగాళంలో పొత్రం పడేస్తే నీళ్ళు పొర్లవూ? 36 వేలమందికి పైగా పోయారు. అక్కడే పుట్టిన పిల్లకొండ 2018లో ఓ పక్క విరిగి పడింది. ముందు పెద్ద భూకంపం రాలేదు గనక హెచ్చరికా లేదు.

దివిసీమను ముంచింది తుపాను. 2004లో మచిలీపట్నం దగ్గర మంగినపూడిలో పౌర్ణమి స్నానాలకెళ్ళిన వాళ్ళను లాగేసింది భూకంపం లేపిన అల. కారణాలు వేరైనా, పోయినవాళ్ళ తప్పు ఎక్కడా లేదు. కొండకి కోపం లేదు, నీటికి కక్ష లేదు.

మరి పాపమే లేదా? ఉంది. హైదరాబాదులో 2007 నుంచి సునామీ హెచ్చరిక కేంద్రం ఉంది. ఆ కబురు తీరంలో గుడిసెదాకా చేరకపోతే, ఆ పాపం మనది. పోయినవాళ్ళను పాపులనడం ఇంకా పెద్దది.

పిన్నిగారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత పెద్దమ్మ పక్కకి జరిగి, "పిల్ల పేరేమిటి వదినా?" అన్నారు.