నెత్తురు చెప్పేది, మనిషి చెప్పేది

నాయనా, పట్టా చేతికొచ్చింది. రేపటినుంచి మనోవైద్యుడి కుర్చీలో కూర్చుంటావు. అభినందించేవాళ్లు నీకు చాలామంది ఉన్నారు. నేను హితం చెబుతాను, ఓపికతో విను.

రోగిని పరీక్షించడానికి ఆయుర్వేద ఆచార్యుడు వాగ్భటుడు మూడు దారులు చెప్పాడు: దర్శనం, స్పర్శనం, ప్రశ్న. కంటితో చూడడం, చేత్తో తాకడం, నోరు తెరిచి అడగడం. నేటి ప్రయోగశాల మొదటి రెండింటికీ అపారమైన బలం ఇచ్చింది. మూడోదాని బరువు ఇప్పటికీ వైద్యుడి మీదే ఉంది. నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క మాటకు వ్యాఖ్యానమే.

ముందుగా, నెత్తుటి పరీక్షను చులకన చేయకు. ఒకప్పుడు మానసిక వైద్యశాలల్లో మతి చెడి, కాళ్లూ చేతులూ పడిపోయి మరణించినవాళ్లు ఎందరో. 1906లో సిఫిలిస్‌ను నెత్తుటిలో పసిగట్టే వాసర్‌మన్ పరీక్ష వచ్చింది. 1913లో నొగుచి, మూర్ అనే పరిశోధకులు ఆ రోగుల మెదళ్లలోనే సిఫిలిస్ క్రిమిని చూపించారు. పెన్సిలిన్ వచ్చాక ఆ ఉన్మాదమే అరుదైపోయింది. ఇవాళ కూడా బతుకంటే విసుగు పుట్టి నీ గదికి వచ్చే ఇల్లాలికి థైరాయిడ్ మందగించి ఉండవచ్చు. ఏళ్లుగా మాంసం, పాలు ముట్టని ముసలాయనకు బి12 అడుగంటి ఉండవచ్చు. అవి చూడకుండా దిగులు మాత్రలు రాస్తూ పోవడం అపచారం.

లిథియం సంగతి చూడు. 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ ఉన్మాదం మీద దాని గుణాన్ని లోకానికి చెప్పాడు. అందులో అమృతానికీ విషానికీ ఎడం గోరంత. లీటరు రక్తంలో 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ దాకా సాధారణంగా మేలు. 1.5 దాటితే చేతులు వణుకుతాయి, మాట తడబడుతుంది, అడుగు తూలుతుంది. అందుకే ఆఖరి మోతాదు పడ్డాక 12 గంటలకు నెత్తురు తీస్తారు. "రాత్రి మాత్ర ఎన్నింటికి వేసుకున్నావమ్మా? పొద్దున్న వేసుకోలేదు కదా?" సూది గుచ్చే ముందు ఈ రెండు ముక్కలు అడగకపోతే రిపోర్టులోని అంకె అబద్ధమాడుతుంది. యంత్రం నిజం చెప్పాలన్నా ముందు మనిషి మాట వినాలి, చూశావా!

స్కిజోఫ్రెనియాకు వాడే క్లోజపిన్ ఇచ్చేటప్పుడు తెల్లకణాలు లెక్కించమనే నియమాన్నీ విసుక్కోకు. 1975లో ఫిన్లాండ్‌లో ఆ కణాలు పడిపోయి రోగులు చనిపోయారు. ప్రాణాలు ధారపోసి కొనుక్కున్న నియమమది.

అయితే మేలు చేస్తుంది కదా అని పరీక్షను పీఠమెక్కించకు. 1981లో బెర్నార్డ్ కారొల్, ఆయన సహచరులు తీవ్రమైన దిగులుకు ఒక పరీక్షను ప్రతిపాదించారు. రాత్రి డెక్సామెథసోన్ మాత్ర మింగించి, మర్నాడు నెత్తుటిలో కార్టిసాల్ కొలవాలి; అది తగ్గకపోతే దిగులేనని లెక్క. గీటురాయి దొరికిందని మనోవైద్య లోకం మురిసింది. కొన్నేళ్లు తిరిగేసరికి అసలు సంగతి బయటపడింది. తిండి తగ్గి చిక్కిపోయినవాడికీ, తాగుడు మానుతున్నవాడికీ, డిమెన్షియా వచ్చిన వృద్ధులకీ అదే ఫలితం రావచ్చు. నిలువునా దిగులులో మునిగినవాడికి రాకనూపోవచ్చు. 2013లో అమెరికా మనోవైద్యుల వర్గీకరణ గ్రంథం ఐదో కూర్పు వచ్చినప్పుడు కూడా, డిప్రెషన్ ఇదని గానీ స్కిజోఫ్రెనియా ఇదని గానీ తేల్చే నెత్తుటి పరీక్ష అందులో లేదు.

ఇది మరిచిన రోజున ఏమవుతుందో చెబుతాను. ప్లాస్టిక్ కవరు నిండా రిపోర్టులతో ఒక తల్లి నీ ముందు కూర్చుంటుంది. "అన్నీ నార్మలే అన్నారు డాక్టరు గారూ. మరి పిల్లకి నిద్రెందుకు పట్టదు?" అంటుంది. పక్కన పిల్ల తల దించుకుని చున్నీ అంచు వేలికి చుట్టుకుంటూ ఉంటుంది. నువ్వూ ఆ కాగితాలు తిరగేసి "నార్మలే" అని పంపేస్తే, ఆ మాట ఇల్లు చేరేసరికి "నాటకం" అవుతుంది. "ఒళ్లు వంచలేక వేషాలు" అవుతుంది. ఆ పిల్ల ఇక ఎవరికీ ఏమీ చెప్పదు. ఆ మౌనంలో నీ పాలూ ఉంటుంది.

వెతికిన జబ్బు కనబడలేదని మాత్రమే ఆ కాగితాలు చెప్పాయి. బాధ లేదని అనలేదు. ఈ తేడాను తల్లికి విడమరచి చెప్పవలసినవాడివి నువ్వే.

మరి రెండు మాటలు. చికిత్స దారిని మార్చని పరీక్షను రాయకు; దాని ఖరీదు ఎవరి పుస్తెల తాకట్టో నీకు తెలియదు. రాసిన పరీక్ష ఫలితాన్ని పెళ్లివారికీ, పై అధికారికీ చేరనివ్వకు. మానసిక రోగి గుట్టు కాపాడడం 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగికిచ్చిన హక్కు. చట్టం పుట్టకముందు నుంచీ అది వైద్యుడి ధర్మం.

కనుక నాయనా, రిపోర్టులు శ్రద్ధగా చదువు. చదివాక కవరు పక్కన పెట్టు. తల్లిని కాసేపు బయట కూర్చోమను. కుర్చీ కొంచెం దగ్గరికి జరుపుకుని ఆ పిల్లను అడుగు. అడిగి, జవాబు వచ్చేదాకా ఆగు.