భద్రత, స్వేచ్ఛ: రాజ్యధర్మం

ప్రజల ప్రాణరక్షణ రాజ్యానికి ప్రథమ కర్తవ్యం. ఆ కర్తవ్యాన్ని నిర్వర్తించలేని రాజ్యం హక్కుల గురించి ఎన్ని వాగ్దానాలు చేసినా నిష్ఫలమే. అయితే రక్షణ పేరిట పౌరుని స్వేచ్ఛను ఎంతవరకు పరిమితం చేయవచ్చునన్న ప్రశ్న కూడా అంత ప్రాచీనమైనదే. భారత రాజ్యాంగం 21వ అధికరణంలో ప్రాణాన్నీ, వ్యక్తిస్వేచ్ఛనూ ఒకే వాక్యంలో చేర్చి రక్షించింది. 22వ అధికరణంలో నివారక నిర్బంధానికీ చోటిచ్చింది. ఈ రెంటి మధ్య గల ఒత్తిడిని రాజ్యాంగ నిర్మాతలు ఎరుగకపోలేదు.

ఈ ప్రశ్న ఆచరణలో ఎలాంటిదో రాయపూర్ నుంచి చూస్తే స్పష్టమవుతుంది. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ ఏర్పడినప్పుడు ఆ నగరం రాజధాని అయింది. సుమారు 300 కిలోమీటర్ల దూరాన ఉన్న బస్తర్ అడవుల భవితవ్యాన్ని నిర్ణయించే దస్త్రాలు అక్కడికే చేరసాగాయి. 2005లో అక్కడి శాసనసభ ప్రత్యేక ప్రజాభద్రతా చట్టాన్ని ఆమోదించింది. ఆంధ్రప్రదేశ్‌లోని 1992 నాటి ప్రజాభద్రతా చట్టం తెరగు తెలిసిన తెలుగు పాఠకులకు ఇది కొత్త కాదు.

అదే సంవత్సరం సల్వాజుడుం ప్రారంభమైంది. ఐదవ తరగతి చదివిన ఆదివాసీ యువకులను కూడా ప్రత్యేక పోలీసు అధికారులుగా తీసుకొని, నెలకు 3000 రూపాయలిచ్చి, ఆయుధాలు చేతబెట్టారు. గ్రామాలు ఖాళీ అయ్యాయి. అనేక కుటుంబాలు సరిహద్దు దాటి నాటి ఖమ్మం జిల్లా అడవులకు వలస వచ్చాయి. తెలుగునాట వారిని గుత్తికోయలని పిలుస్తారు. 2011 జూలై 5న జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్‌లతో కూడిన సుప్రీంకోర్టు ధర్మాసనం ఆ నియామకాలు 14, 21 అధికరణాలకు విరుద్ధమని తీర్పు చెప్పింది. రాజ్యం తన బాధ్యతను చదువూ శిక్షణా చాలని యువకుల భుజాలపై మోపరాదన్నది ఆ తీర్పు సారాంశం.

రాజ్యం ఎదుర్కొన్న ప్రమాదం కల్పితం కాదు. 2010 ఏప్రిల్ 6న తాడిమెట్ల వద్ద 76 మంది భద్రతా సిబ్బందిని మావోయిస్టులు హతమార్చారు. 2017 ఏప్రిల్ 24న బుర్కాపాల్ వద్ద మరో 25 మంది జవాన్లు అసువులు బాశారు. ఆ కుటుంబాలకు న్యాయం జరగాలన్న దానిలో రెండు అభిప్రాయాలకు తావులేదు.

కాని జరిగినదేమిటి? బుర్కాపాల్ కేసులో నిర్బంధితులైన ఆదివాసీలలో 121 మందిని 2022 జూలైలో ప్రత్యేక న్యాయస్థానం నిర్దోషులుగా విడుదల చేసింది. వారిలో అత్యధికులు దాదాపు ఐదేళ్లు చెరసాలలో గడిపారు. వారి పొలాలు, పిల్లల చదువులు ఎదురుచూస్తూ కూర్చోవు. మృతవీరుల కుటుంబాలకు మాత్రం దక్కిందేమిటి? నేరం రుజువు కాలేదన్న తీర్పు. అటు స్వేచ్ఛా నష్టమైంది, ఇటు భద్రతా సిద్ధించలేదు.

భద్రతను, స్వేచ్ఛను త్రాసులోని రెండు తట్టలుగా భావించడం పరిపాటి. ఒకటి తగ్గితే మరొకటి పెరుగుతుందన్న నమ్మకం ఆ ఉపమానంలో దాగి ఉన్నది. బుర్కాపాల్ అనుభవం ఆ నమ్మకాన్ని నిలవనీయదు. పైగా స్వేచ్ఛను కోల్పోయేది ఒకరు, భద్రతను ఆశించేది మరొకరు అయినప్పుడు త్రాసు పట్టినవానికి ఆ బరువు తెలియదు. రాజధానిలోని గృహస్థు సులువుగా అంగీకరించే త్యాగం అడవిలోని కూలీవానిది.

చట్టం ఈ ప్రమాదాన్ని కొంత గుర్తించింది. చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టానికి 2008లో చేసిన సవరణ ప్రకారం, ప్రాసిక్యూషన్‌కు అనుమతి ఇచ్చేముందు సాక్ష్యాధారాలను స్వతంత్ర అధికారి పరిశీలించాలి. అదే సవరణ బెయిలును దుర్లభం చేసింది. ఆరోపణ ప్రథమదృష్ట్యా నిజమనిపిస్తే బెయిలు ఇవ్వరాదు. కనుక ఆ తొలి పరిశీలన లాంఛనంగా ముగిస్తే, దాని ఫలితాన్ని నిందితుడు ఏళ్ల తరబడి అనుభవించవలసి వస్తుంది.

అందుచేత ఈ సమస్యకు పరిష్కారం న్యాయస్థానాలలో మాత్రమే వెదకడం సరికాదు. ప్రతి పేరుకూ ఎదురుగా ఏ ఆధారమున్నదని ప్రశ్నించే అధికారి నేరస్థునికి మేలు చేయడం లేదు. దర్యాప్తు అసలు నేరస్థుని వైపు మళ్లేట్లు చేస్తున్నాడు. అనుమతి పత్రంపై సంతకం చేసేముందు ఆ జాబితాలోని పేర్లను ఒక్కొక్కటిగా చదవడం చిన్న పనే. రాజ్యధర్మం ఆ చిన్న పనితోనే మొదలవుతుంది.